ఆగస్టులో ముక్తినాథ్ వెళ్లొచ్చా? నేపాల్ వాతావరణం గురించి వివరంగా

మీ ప్రశ్న ఇది: ఆగస్టు రెండో వారంలో అమ్మానాన్నలను తీసుకుని గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి ఖాట్మండు, పోఖరా, ముక్తినాథ్, లుంబిని చూసి రావాలనుకుంటున్నారు. తెలిసినాయన ఒకరు "ఆగస్టులో నేపాల్ పేరే ఎత్తొద్దు, కుండపోత వానలు" అన్నారు. ఇంకొకావిడ "ముక్తినాథ్ వైపు ఆగస్టులో వానే పడదు, నిక్షేపంగా వెళ్లండి" అన్నారు. ఫోన్‌లో చూస్తే నేపాల్ మొత్తానికీ ఒకటే మబ్బు బొమ్మ. ఎవరి మాట నమ్మాలి, స్వెటర్లు ఎన్ని సర్దుకోవాలి అని అడిగారు.

ఇద్దరూ చెప్పింది నిజమే. కానీ ఆవిడ మాట పట్టుకుని పెద్దవాళ్లతో ఆగస్టులో మాత్రం బయల్దేరకండి. నేను చాలా ఏళ్లు నేపాల్‌లో జలవిద్యుత్ ప్రాజెక్టుల్లో పనిచేశాను. ఏ లోయలో ఎంత వాన పడుతుంది, ఏ ఏటికి ఎప్పుడు ఎంత నీరు వస్తుంది అని కొలవడమే నా ఉద్యోగం. అందుకని కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నేపాల్ తూర్పు నుంచి పడమరకు 800 కిలోమీటర్లు పైనే ఉంటుంది. ఉత్తర దక్షిణాలు చూస్తే సగటున 200 కిలోమీటర్లు కూడా ఉండదు, అంటే విజయవాడ నుంచి హైదరాబాద్ అంత దూరం కూడా లేదు. ఆ కాస్త వెడల్పులోనే సముద్ర మట్టానికి 60 మీటర్ల ఎత్తులో ఉన్న ఝాపా జిల్లా వరి పొలాలూ ఉన్నాయి, 8,848.86 మీటర్ల ఎవరెస్టూ ఉంది. పైకి వెళ్లేకొద్దీ వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రీల దాకా చల్లబడుతుంది. మే నెలలో దక్షిణాన మన సరిహద్దు వెంబడి ఉన్న తెరాయి మైదానంలోని నేపాల్‌గంజ్‌లో మన రెంటచింతల, రామగుండం లాంటి ఎండలు కాస్తుంటే, అదే రోజు ఉత్తరాన కనుమల్లో మంచు పడుతుంటుంది. కాబట్టి "నేపాల్‌లో వాతావరణం ఎలా ఉంది" అనే ప్రశ్నకు జవాబు లేదు. ఏ ఎత్తులో, కొండకు ఏ పక్క, రోజులో ఏ వేళ అని అడిగితేనే జవాబు దొరుకుతుంది. ఎత్తు సంగతి అందరూ ఊహిస్తారు. మిగతా రెండూ తెలియక యాత్రికులు ఇబ్బంది పడతారు.

కొండకు ఏ పక్క అన్నది ముందు చూద్దాం, మీ ఆగస్టు ప్రశ్న అక్కడే తేలుతుంది.

పోఖరా దాదాపు 800 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి 30 కిలోమీటర్ల లోపే 6,993 మీటర్ల మచ్ఛపుచ్ఛ్రే శిఖరం, దాని వెనకే 8,091 మీటర్ల అన్నపూర్ణ. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ గాలికి దక్షిణాన అడ్డుపడే పెద్ద కొండలు అక్కడ లేవు. సరాసరి వచ్చి అన్నపూర్ణ గోడకు కొట్టుకుని, పైకి లేచి, చల్లబడి, ఉన్న నీళ్లన్నీ అక్కడే కుమ్మరిస్తుంది. పోఖరాలో ఏడాదికి 3,900 మిల్లీమీటర్ల దాకా వాన. పక్కనే కొండమీద లుమ్లే అనే ఊళ్లో 5,400 మిల్లీమీటర్ల పైచిలుకు. నేపాల్‌లో అతి ఎక్కువ వాన కురిసే చోటు అదే. ఇప్పుడు లుమ్లే నుంచి ఉత్తరానికి మ్యాపు మీద గీత గీయండి. 60 కిలోమీటర్లు కూడా వెళ్లకుండానే జోమ్‌సోమ్ వస్తుంది. ముక్తినాథ్ వెళ్లేవాళ్లు దిగేది అక్కడే. జోమ్‌సోమ్‌లో ఏడాది మొత్తానికి పడే వాన 270 మిల్లీమీటర్లు. మన అనంతపురంలో పడేదాంట్లో సగం. లుమ్లేలో పడేదాంట్లో ఇరవయ్యో వంతు.

ఈ తేడా లెక్కలు చూడక్కర్లేకుండా ఇళ్లను చూస్తేనే తెలిసిపోతుంది. లుమ్లే, ఘాంద్రుక్ వైపు ఇళ్లకు పలకరాళ్లు పరిచిన ఏటవాలు కప్పులుంటాయి, చుక్క నీరు నిలవదు. కొండ దాటి జోమ్‌సోమ్ దగ్గరి మార్ఫా ఊరు చేరితే కప్పులన్నీ బల్లపరుపుగా, మట్టితో తొక్కి చేసినవి. వాటి మీద ధాన్యం ఆరబోస్తారు, ఆపిల్ ముక్కలు ఎండబెడతారు, అంచుల వెంబడి శీతాకాలానికి కట్టెలు పేర్చుకుంటారు. లుమ్లేలో పడేంత వాన పడితే ఆ కప్పు ఒక్క వారం కూడా ఆగదు. ఆ ఊళ్ల మనుషులు వందల ఏళ్లుగా తమ చోటి వాతావరణాన్ని ఎంత బాగా అర్థం చేసుకున్నారో ఆ కప్పులు చూస్తే తెలుస్తుంది. నాకు నేపాల్‌లో అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం అది.

కాబట్టి ఆవిడ చెప్పినట్టు ఆగస్టులో ముక్తినాథ్‌లో వాన తక్కువే, ఎండ కాస్తుంది, పగలు హాయిగా ఉంటుంది. చిక్కల్లా అక్కడికి చేరడంలో ఉంది. పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కు రెండే దారులు. రోడ్డు మీద వెళితే బేని, తాతోపాని, ఘాసా మీదుగా కాళీ గండకి లోయలోకి ఎక్కాలి. ఒక పక్క 8,167 మీటర్ల ధౌలగిరి, ఇంకో పక్క అన్నపూర్ణ, మధ్యలో ఇరుకు లోయ. వాన బాగా నానబెట్టిన వాలుల కిందుగానే రోడ్డు పోతుంది. ఆగస్టులో కొండచరియ విరిగిపడి గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి దారి మూసుకుపోవడం మామూలే. ఖాట్మండు నుంచి పోఖరా వచ్చే దారి కూడా వానాకాలంలో నమ్మదగింది కాదు. 2024 జులై 12 తెల్లవారుజామున, ఆ దారిలోని ముగ్లింగ్ దగ్గర చీలి దక్షిణాన నారాయణ్‌గఢ్ వైపు వెళ్లే రోడ్డు మీద, సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. అందులో 60 మందికి పైగా ఉన్నారు. రెండో దారి విమానం, ఇరవై నిమిషాల ప్రయాణం. కానీ పైన జోమ్‌సోమ్‌లో ఆకాశం నీలంగా ఉన్నా కింద పోఖరా మబ్బులో మునిగి ఉంటే విమానం లేవదు. ఆగస్టులో ఒక్కోసారి నాలుగైదు రోజులు వరసగా రద్దవుతాయి. అమ్మానాన్నలు పైన చిక్కుకుపోతే మీకు ఎంత టెన్షనో ఆలోచించండి.

ఇంకో సంగతి మన తెలుగువాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఆగస్టులో మన దగ్గర ఒక్కోసారి వానలు చటుక్కున ఆగిపోతాయి. వారం పది రోజులు ఎండ కాస్తుంది, పత్తి చేలు వాడిపోతుంటాయి. "రుతుపవన ద్రోణి హిమాలయాల పాదాల వైపు జరిగింది" అని టీవీలో చెప్తారు. ఆ మాటకు అర్థం, మనకు పడాల్సిన వాన అప్పుడు నేపాల్ కొండల మీద పడుతోందని. మనకు ఎండగా ఉంది కదా, అక్కడా తెరిపి ఇచ్చి ఉంటుందిలే అనుకుని బయల్దేరారంటే సరిగ్గా ముసుర్లోకి వెళతారు. 2023 ఆగస్టు మన దేశంలో 1901 నుంచి లెక్కల్లో అతి తక్కువ వాన పడిన ఆగస్టు. తెలంగాణ, ఆంధ్రల్లో రైతులు ఆకాశం వంక చూస్తూ గడిపారు. అదే నెల 13న, జోమ్‌సోమ్, ముక్తినాథ్ ఉన్న, వానలే పడవనుకునే ముస్తాంగ్ జిల్లాలో వాన పడి, ముక్తినాథ్ కిందనున్న కాగ్‌బేనిలో వరద వచ్చింది. ఇళ్లు, వంతెనలు దెబ్బతిన్నాయి. మనవాళ్లు పిండప్రదానం చేసే ఊరు అదే. ఎండిన వాగు పక్కన, మట్టి కప్పుల కింద బతికే ఊరికి అలాంటి వరద ఎంత పెద్ద దెబ్బో వేరే చెప్పక్కర్లేదు. ఈమధ్య ఆ ప్రాంతంలో మట్టి కప్పుల మీద రేకులు వేసుకుంటున్న ఇళ్లు కనిపిస్తున్నాయి. అందుకే "వానచాయ ప్రాంతం (కొండలు అడ్డుపడి వాన తక్కువ పడే చోటు), భయం లేదు" అన్న మాట కూడా ఇప్పుడు పూర్తిగా నమ్మలేం.

ఇక రోజులో ఏ వేళ అన్నది. నేపాల్ లోయల్లో వానాకాలపు వాన ఎక్కువగా సాయంత్రం మొదలై రాత్రంతా పడి తెల్లారేసరికి తగ్గుతుంది. పోఖరాలో, ఖాట్మండులో ఇది స్పష్టంగా తెలుస్తుంది. పగలు ఎండకు వాలులు వేడెక్కి గాలి పైకి పాకుతుంది, రాత్రి చల్లగాలి కిందికి జారి లోయలో తేమగాలిని ఎత్తుతుంది. మా ప్రాజెక్టు దగ్గర నది ఒడ్డున వాన కొలిచే రెయిన్‌గేజ్ ఒకటి, పైన గట్టు మీద ఊళ్లో ఇంకోటి పెట్టాం. పొద్దున్నే కుర్రాళ్లు కొలతలు తెచ్చేవారు. కింద దాంట్లో అడుగు భాగం మాత్రమే తడిసి ఉంటే పై దాంట్లో పొంగి పొర్లేది, లేదంటే ఉల్టా. రెండింటికీ మధ్య నడక దూరమే. మీ ఫోన్ యాప్‌కు సమాచారం ఇచ్చే ప్రపంచ మోడళ్లలో ఒక్కో గడి పది కిలోమీటర్ల అటూ ఇటూ వెడల్పు ఉంటుంది. గట్టూ, లోయా, నదీ అన్నీ ఆ ఒక్క గడిలోనే కలిసిపోతాయి. అందుకే మీకు దేశమంతా ఒకటే మబ్బు కనిపించింది. నేపాల్ ప్రభుత్వపు జల, వాతావరణ విభాగం రోజూ ఇచ్చే సూచన చూడండి, కొండ ప్రాంతాలకూ తెరాయికీ విడివిడిగా చెప్తారు. దాంతోపాటు వెళ్లే దారిలో హోటల్‌కు ఫోన్ చేసి "ఈ పూట ఆకాశం ఎలా ఉంది, జీపులు నడుస్తున్నాయా" అని అడగండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

వేళ విషయంలో జోమ్‌సోమ్ గాలి గురించి తప్పకుండా తెలుసుకోవాలి. సూర్యుడు పైకి వచ్చేసరికి ఉత్తరాన ముస్తాంగ్, టిబెట్ పీఠభూమి వేడెక్కుతాయి. అక్కడి గాలి పైకి లేస్తుంటే, ఆ చోటు నింపడానికి దక్షిణపు గాలి కాళీ గండకి సందులోంచి దూసుకుపోతుంది. పొద్దున పది, పదకొండు గంటలకు మొదలై సాయంత్రం దాకా ఆగదు. నది పక్కన ఇసుక, సన్న గులకరాళ్లు లేచి మొహాన కొడతాయి, పెద్దవాళ్లు నిలబడలేరు. విమానాలన్నీ పొద్దున్నే ముగించేది ఇందుకే. మార్ఫాలో ఇళ్లను ఒకదానికొకటి అంటించి, మధ్యలో సన్నటి సందులు వదిలి కట్టుకున్నదీ గాలి చాటు కోసమే. మీరు ఏ నెలలో వెళ్లినా ముక్తినాథ్ దర్శనం పొద్దున్నే చేసుకుని, గాలి ముదరకముందే కిందికి రావాలి. ముక్తిధారల దగ్గర 108 ధారల కింద తల పెట్టాలని నాన్నగారు ముచ్చటపడతారు. ఆ నీళ్లు ఏ కాలంలోనైనా మంచు నీళ్లే. చెవులు మూసే టోపీ, ఆరిన బట్టలు, తువ్వాలు పక్కనే పట్టుకుని ఉండండి. తడి ఒంటితో గాలిలో నిలబడితే వణుకు పట్టుకుంటుంది.

ఎత్తు గురించి ఒక జాగ్రత్త. ముక్తినాథ్ 3,700 మీటర్లకు పైన ఉంది, గాలిలో ఆక్సిజన్ మన దగ్గర దొరికేదాంట్లో మూడింట రెండొంతులకు మించదు. పోఖరా నుంచి ఒక్క రోజులో సరాసరి ఎక్కించకండి. 2,700 మీటర్ల దగ్గర మార్ఫాలోనో జోమ్‌సోమ్‌లోనో కనీసం ఒక రాత్రి పడుకుని, మర్నాడు పొద్దున జీపులో పైకి వెళ్లి అదే రోజు దిగిపోండి. బీపీ, గుండె మందులు వాడుతుంటే ఇక్కడే డాక్టర్‌తో మాట్లాడి రండి. తలనొప్పి, వాంతులు, అయోమయం మొదలైతే దర్శనం సంగతి పక్కనపెట్టి వెంటనే కిందికి తీసుకురండి.

మరి ఎప్పుడు వెళ్లాలి? నా ఓటు అక్టోబరు రెండో సగం నుంచి నవంబరు మధ్య దాకా. రుతుపవనాలు సాధారణంగా జూన్ రెండో వారంలో తూర్పు నేపాల్‌లో అడుగుపెట్టి పడమరకు జరుగుతాయి, అక్టోబరు మొదట్లో వెళ్లిపోతాయి. ఏడాది వానలో 80 శాతం దాకా ఆ నాలుగు నెలల్లోనే. అవి వెళ్లగానే ఆకాశం కడిగినట్టుగా ఉంటుంది, శిఖరాలన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. మన దసరా, దీపావళి సమయంలోనే వాళ్ల దశైన్, తిహార్ వస్తాయి కాబట్టి ఆ రోజుల్లో బస్సులు, జీపులు కిటకిటలాడతాయి. దశైన్ ముగిశాక వెళ్లడం మేలు.

కానీ అక్టోబరుకు కూడా ఒక షరతు ఉంది, అది నేరుగా మన సముద్రంతో ముడిపడింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటడం మనలో ఎవరూ మర్చిపోలేదు. తర్వాత అది బలహీనపడింది, మన వార్తల్లోంచి పోయింది. కానీ దాని తేమ ఎటూ పోలేదు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ మీదుగా ఎక్కి 14వ తేదీకి అన్నపూర్ణ ప్రాంతం చేరి మంచు తుఫానుగా మారింది. ముక్తినాథ్ పైనున్న 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ దాటుతున్న ట్రెక్కర్లు, గైడ్లు, కూలీలు చిక్కుకుపోయారు. ఆ ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. అక్టోబరు అంటే ట్రెక్కింగ్‌కు అన్నిటికంటే మంచి నెల అని అందరూ నమ్మే రోజులవి. విశాఖలో చెట్లు కూల్చిన తుఫాను రెండు రోజుల్లో హిమాలయాల్లో మనుషుల్ని మంచులో కప్పేసింది. కాబట్టి అక్టోబరులో బంగాళాఖాతంలో తుఫాను పుట్టి, మన తీరం గానీ ఒడిశా తీరం గానీ దాటి ఉత్తరానికి తిరుగుతోందని తెలిస్తే, పోఖరాలోనే రెండు మూడు రోజులు ఆగిపోండి. టికెట్ డబ్బులు పోయినా పర్వాలేదు. మన వాతావరణ శాఖ తుఫాను బులెటిన్లు ఆ రోజుల్లో రోజూ చూడండి, అవి నేపాల్ యాత్రకూ పనికొస్తాయి. ఖాట్మండు కూడా దీనికి మినహాయింపు కాదు. ఇక వానలు వెళ్లిపోతాయనుకునే వేళ, 2024 సెప్టెంబరు చివర్లో బంగాళాఖాతం తేమతో కురిసిన వానలకు ఆ లోయ మునిగింది, దేశంలో 200 మందికి పైగా చనిపోయారు.

మార్చి చివర, ఏప్రిల్ రెండో ఎంపిక. వేడి తక్కువ, పూలు బాగుంటాయి. కానీ అడవులు తగలబడే కాలం కాబట్టి పొగ పట్టి ఒక్కోసారి పోఖరా నుంచి శిఖరాలే కనిపించవు. సాయంత్రాలు ఉరుములతో వడగళ్లు పడతాయి. దర్శనమే ముఖ్యమైతే ఫర్వాలేదు, కొండలు చూపించాలంటే అక్టోబరే.

డిసెంబరు, జనవరిలో ముక్తినాథ్ రాత్రుళ్లు మైనస్‌లోకి పోతాయి, పెద్దవాళ్లకు వద్దు. పడమటి నుంచి, మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే అలజడుల వల్ల అప్పుడు మంచు పడుతుంది. ఈ శీతాకాలపు తేమ నేపాల్‌లో పడమటి జిల్లాలకే ఎక్కువ అందుతుంది, అక్కడి గోధుమకు అదే ఆధారం. వానాకాలంలో తూర్పుది పైచేయి అయితే చలికాలంలో పడమరది.

లుంబిని మాత్రం మీరు ఊహించని విధంగా ఇబ్బంది పెట్టొచ్చు. అది మైదానంలో ఉంది, పెద్ద ఎత్తు లేదు, కాబట్టి చలికాలంలో వెచ్చగా ఉంటుందని అందరూ అనుకుంటారు. డిసెంబరు చివర నుంచి జనవరి దాకా గంగా మైదానపు పొగమంచు తెరాయి మీద పరుచుకుంటుంది, రోజుల తరబడి సూర్యుడు కనిపించడు. పగలు కూడా పది, పన్నెండు డిగ్రీలు దాటదు, లుంబిని పక్కనున్న భైరహవా విమానాశ్రయంలో విమానాలు ఆలస్యమవుతాయి, రోడ్డు మీద ముందున్న లారీ కనపడదు. బుట్‌వల్ నుంచి పోఖరా వైపు ఘాట్ ఎక్కి తాన్సేన్ చేరితే, 1,350 మీటర్ల ఎత్తులో, చక్కటి ఎండ. కింద లోయ నిండా పొగమంచు తెల్లటి చెరువులా కనిపిస్తుంది. పైన మనుషులు ఎండలో కూర్చుని కమలాలు ఒలుచుకుంటుంటారు, కింద మైదానంలో నెగళ్లు వేసుకుని వణుకుతుంటారు. పైకి వెళితే చలి అన్న లెక్క ఆ నెలన్నర తలకిందులవుతుంది. వెచ్చని బట్టలు లేని తెరాయి కూలీలకు అది నిజంగా ప్రాణాల మీదికి వచ్చే కాలం.

బట్టల సంగతి. అక్టోబరు చివర్లో లుంబినిలో పగలు మన కాటన్ బట్టలు చాలు. ఖాట్మండు, పోఖరాల్లో సాయంత్రానికి ఒక స్వెటర్. జోమ్‌సోమ్‌కు, పైకి మాత్రం ఒకటే లావు కోటు కన్నా లోపల థర్మల్, మధ్యలో స్వెటర్, పైన గాలి చొరబడని జాకెట్ మేలు. పగలు ఎండలో ఒకటి తీసేయొచ్చు, గాలి లేవగానే వేసుకోవచ్చు. నల్ల కళ్లద్దాలు, మొహానికి కండువా మరవద్దు. అక్కడి ఇళ్లలో, మామూలు హోటళ్లలో గదులు వెచ్చబెట్టే ఏర్పాటు ఉండదు, ఎండలో కంటే గదిలోనే ఎక్కువ చలి. బుక్ చేసేటప్పుడే దక్షిణం వైపు కిటికీ ఉన్న గది అడగండి.

ఆగస్టు సెలవు మార్చుకోవడం కుదరకపోతే, ముక్తినాథ్ వదిలేసి హైదరాబాద్ నుంచి విమానంలో ఖాట్మండు వెళ్లి పశుపతినాథ్, భక్తపూర్, పాటన్ చూసుకుని నాలుగు రోజుల్లో వచ్చేయండి. లోయలో వాన ఎక్కువగా రాత్రిళ్లే కాబట్టి పగలు గొడుగుతో తిరగొచ్చు. అక్టోబరుకు మార్చుకుంటే, మీరు అనుకున్నట్టు గోరఖ్‌పూర్ రైల్లోనే వచ్చి సునౌలి దగ్గర సరిహద్దు దాటి ముందు లుంబిని, తర్వాత తాన్సేన్ మీదుగా పోఖరా, అక్కడ రెండు రాత్రులు, మార్ఫాలో రెండు రాత్రులు, దర్శనం, చివర ఖాట్మండు. మధ్యలో రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి, జోమ్‌సోమ్ విమానానికి ఒకటి, రోడ్డుకు ఒకటి. తేదీలు ఖాయమయ్యాక నాన్నగారి ఆరోగ్యం సంగతి కూడా రాయండి, ఏ రోజు ఏ ఎత్తులో పడుకోవాలో చూసి చెప్తాను.